పడుగు దిగేదాకా

జూలై 9, మంగళవారం

నా రాత బాగుండదు, తప్పులుంటాయి... ఏమీ అనుకోకు. ఐదో తరగతి చదివిన చేయి. పైగా కుడి మణికట్టుకు కట్టు ఉంది, వేళ్లు వాచాయి. ఎవరితో చెప్పుకోను? నీతోనే, నోటుపుస్తకమా.

మొన్న మా మగ్గాల షెడ్డులో నెత్తురు. నా కొడుకు శ్రీను, మా దగ్గర కూలికి నేసే యాదయ్యను కొట్టాడు. బట్ట చుట్టే కర్రతో. అడ్డం పోయాను. ఒక దెబ్బ నాకు. మిగిలినవన్నీ అతనికి.

యాదయ్య కుడిచేయి విరిగింది. ఎముక బయటికొచ్చింది. తెల్లగా...

జూలై 10, బుధవారం

ఎందుకు కొట్టాడో రాయాలి.

యాదయ్య పని మానేస్తానన్నాడు. తన ఊరు మర్రిగూడలో ఇంటి దగ్గరే సొంత మగ్గం పెట్టుకుంటాడట. మా దగ్గర వాడుక ఒకటుంది — మగ్గం మీది పడుగు, ఆ నిలువు పోగులన్నీ, నేసి దించేదాకా కూలివాడు పోరాదు. నా తండ్రి కాలం నుంచీ అంతే. యాదయ్య సరేనన్నాడు. ఉగాదికి ముందు మాట అది.

శ్రీను ఏం చేశాడంటే — పడుగు చివరికి వచ్చేసరికి, యాదయ్య ఊరికి పోయిన రోజు చూసి, మనుషులను పెట్టి కొత్త పడుగును పాతదాని కొసలకు అతికించాడు. పోగు పోగూ. ఇక అది దిగేదెప్పుడు? ఒకసారి కాదు. మళ్లీ మళ్లీ.

ఆదివారం వచ్చి చూశాడు యాదయ్య. నవ్వాడు. "ఏం సావుకారీ, నా పాడె గూడ గీ మగ్గానికే అతుకుతవా?"

యాదయ్య కత్తెర తీసి పడుగును అడ్డంగా కోసేశాడు. బిగువు మీదున్న పోగులు చర్రుమన్నాయి.

"నా పడుగు కోస్తవా? కోసిన చెయ్యే ఉండదు నీకు!" శ్రీను అరిచాడు.

అన్నంత పనీ చేశాడు.

జూలై 12, శుక్రవారం

దవాఖానకు పోయాను. యాదయ్య మొహం గోడకు తిప్పుకున్నాడు. అతని భార్య అండాలు — "చూడనీకి వచ్చినవా? ఇంకో చెయ్యి మిగిలింది, గది గూడ ఇరగ్గొట్టి పో."

బత్తాయిలు మంచం పక్కన పెట్టి మెట్లు దిగుతున్నా. వెనక నుంచి విసిరింది. ఒకటి వీపుకు తగిలింది.

జూలై 13, శనివారం

ఎవరడిగినా ఏం చెప్పాలో శ్రీను నాకు నేర్పుతున్నాడు. "కాలు జారి మగ్గం కింది గుంటల పడ్డడు. గంతే బాపు. నీకెట్లనూ మాటలు తక్కువనే గద." నవ్వు. కర్ర కడిగి ఎండలో పెట్టాడు.

జూలై 15, సోమవారం

లేబర్ ఆఫీసరమ్మ వచ్చింది. అండాలు అర్జీ పెట్టిందట.

"షెడ్డు ఎవరి పేరు మీదున్నది?"

నా పేరు మీదే.

"అయితే యజమానివి నువ్వే, పెద్దాయనా. నడిపేది కొడుకైనా జవాబు నీదే."

హాజరు పట్టీ అడిగింది. లేదు. పనిలో పెట్టుకున్నట్టు కాగితం... లేదు. సెలవు? అమావాస్యకు ఒక్కటి.

పడుగు దిగేదాకా పోరాదన్నది మా వాడుక అన్నాను.

"వాడుక చట్టం గాదు. పోతనని ముందుగాల చెప్పిండా? చెప్పిండు. ఇగ ఆపే హక్కు మీకు లేదు. పడుగు పాడుచేస్తే నోటీసియ్యాలె, వాని మాట వినాలె, అటెనుకనే కూలిల కోత పెట్టాలె. కట్టె పడితే ఠాణా కేసు."

"గుంటల పడ్డడు మేడం," శ్రీను. నా కాలు తొక్కి పట్టాడు.

ఆమె నన్నే చూస్తోంది.

కాలు లాక్కున్నాను.

"పడలే," అన్నాను. "కొట్టిండు."

"శుక్రవారం ఆఫీసుకొచ్చి గదే మాట రాసి సంతకం పెట్టు. నోటి మాటతోని పని గాదు."

ఆమె జీపు సందు తిరగగానే శ్రీను నా గొంతు పట్టాడు. తల గోడకు కొట్టుకుంది. కళ్ల ముందు చీకటి. కోడలు లావణ్య వాడి చేయి కొరికింది. అప్పుడు వదిలాడు.

జూలై 17, బుధవారం

మింగితే నొప్పి.

జూలై 18, గురువారం

నా గదిలోనే ఉన్నాను. లోపల గొళ్లెం. నిన్న శ్రీను తలుపును రెండుసార్లు తన్నాడు, చెక్క చీలింది. కోడలు కిటికీలోంచి జొన్నరొట్టె అందించింది. పెదవి పగిలి ఉంది.

"మామా, తలుపు తీయకు."

"నువ్వు మీ అవ్వగారింటికి పో బిడ్డా" అన్నాను. సాయంత్రం పోయింది. బస్సెక్కడం కిటికీలోంచి చూశాను.

జూలై 19, శుక్రవారం, పొద్దున

శ్రీను నా గది గడప మీద కూర్చున్నాడు, చీలిన చెక్కలోంచి కనిపిస్తున్నాడు. ఒళ్లో కర్ర. అరవడం లేదు, తన్నడం లేదు. అదే భయం.

"బాపు... బయటికి రా. నిన్నేమన. జర మాట్లాడుకుందాం."

గొంతు చిన్నప్పటిలాగే ఉంది.

సంతకం పెడితే వాడు జైలుకు పోతాడు. పెట్టకపోతే యాదయ్య చేయి గుంటలో పడి విరిగినట్టే అవుతుంది. ఎప్పటికీ. పెట్టాలంటే ఈ తలుపు దాటాలి.

మలుపు దగ్గర హారన్. ఆఫీసుకు పోయే బస్సు వస్తోంది. ఎడమ చేయి గొళ్లెం మీదే ఉంది... తీయాలా? జల్దీ చెప్పు. బస్సు ఎక్కువసేపు ఆగదు.