యాకూబ్ భాయ్ గడప మీద బొద్దింక

బుధవారం, రాత్రి

సీతాఫల్‌మండి ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మా గల్లీలో ఈ రోజు ఒక బొద్దింక పుట్టింది. ఒళ్లు పాత టూత్‌బ్రష్, మీసాలు తెగిపోయిన ఇయర్‌ఫోన్ వైర్లు, ప్రాణం పాడైన సెల్‌ఫోన్‌లోని వైబ్రేటర్ మోటారు.

ఎప్పటిలాగే ఎదురింటి యాకూబ్ భాయ్ గడప మీద వదిలి, తలుపు కొట్టి దాక్కున్నాను. ఆయన చెప్పు పట్టుకుని ఎగిరాడు.

"ఏందిర నీ లొల్లి? యాభై ఏండ్లొచ్చినా బుద్ధి రాదా?"

"నీ కోసమే చేసిన భాయ్, పేరు పెట్టు."

"పెడ్త గని, జెర లోపలికి రా. చాయ్ తాగి పో."

బొద్దింక నిజం. తలుపు కొట్టింది నిజం. చెప్పు, తిట్లు, చాయ్ నేను కల్పించినవి. భాయ్ కాప్రాకి మారిపోయి నెల దాటింది. ఆ తలుపుకి తాళం ఉంది.

బ్యాటరీ అయిపోయే దాకా బొద్దింక ఆ తాళం కిందే తిరిగింది. అంతసేపూ నేను దాక్కునే ఉన్నాను.