బోరు గీత ఎక్కితే

జూన్ 2, సోమవారం. ప్రొద్దుటూరు

ఉద్యోగం పోయాక దొరికిన మొదటి పని. పులివెందుల దగ్గర ఒక రైతుల సంఘానికి వెబ్ యాప్. ముప్పై ఎనిమిది బోర్లు. నీళ్ళు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో సంఘం వాళ్ళు నాలుగేళ్ళుగా వారం వారం కొలిచి రాశారు. సంఘం నడిపే మురళీకృష్ణ సారు అడిగింది ఒక్కటే: రైతు ఫోన్‌లో తన బోరును తాకితే దాని సంగతంతా కనబడాలి.

చార్టులు గీయడానికి ఏ కోడ్ లైబ్రరీ వాడాలి? నాకు D3 అంటే మోజు.

జూన్ 9

D3లో అన్నీ మనమే రాసుకోవాలి. వారమంతా రాశాను. లాప్‌టాప్‌లో ముద్దొస్తోంది. మా అమ్మీ పాత ఫోన్‌లో కదలదు. దాదాపు ఎనిమిది వేల చుక్కలు విడివిడిగా గీయించింది నేనే.

జూన్ 10

D3 వదిలేశాను. ఏడుపొచ్చింది.

జూన్ 13

Chart.js అనే ఇంకో లైబ్రరీ పట్టుకున్నాను. సాదాగా ఉంది. కానీ అమ్మీ ఫోన్‌లో రెండు సెకన్లలో తెరుచుకుంది. వేలు పెడితే తేదీ, లోతు చెప్తోంది. ఇదే ఖాయం.

జూన్ 17, మంగళవారం. సాయంత్రం

పొద్దున సంఘం ఆఫీసులో రైతులకు చూపించాను. ఆదినారాయణ మామ తన బోరును తాకాడు. గీత ఎక్కుతూ పోయింది. ఆయన ముఖం వెలిగింది. "నీళ్ళు పైకొస్తాండాయి కదమ్మా. ఇంగ రెండెకరాలు అరటి పెడ్తా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో ఆయన చార్టు మళ్ళీ తెరిచాను. లోతు పెరిగితే గీత ఎక్కుతుంది. ఆయన బోరు నూట ఎనభై అడుగుల నుంచి మూడు వందలకు పోయింది. నీళ్ళు దిగిపోతున్నాయి. ఏ లైబ్రరీ అని పదకొండు రోజులు కొట్టుకున్నాను, చూసేవాళ్ళకు ఏమర్థమవుతుందో ఒక్కసారీ అనుకోలేదు.

మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముద్దనూరులో దిగి వెనక్కి బస్సెక్కాను. దారిలోనే లాప్‌టాప్ తెరిచి ఒక్క లైను మార్చాను. సున్నా, అంటే నేల మట్టం, చార్టు పైకి పోయింది. గీత తిరగబడింది.

మామ అరటి మొక్కలకు చెప్పిరావడానికి బయల్దేరుతున్నాడు. తప్పు నాదని చెప్పి మళ్ళీ చూపించాను. దిగుతున్న గీత వెంబడి చివరిదాకా వేలు జరిపాడు. "బోరు ఆగాగి పోస్తాంటే నాకూ అనుమానంగానే ఉన్నింది. తిరిగొచ్చి మంచిపని చేసినావు ఇరమ్ తల్లీ. ఈసారికి నీళ్ళు తక్కువ తాగే కొర్ర ఏసుకుంటాలే" అన్నాడు.

జూన్ 18

సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. జమ్మలమడుగు రైతులూ ఈ యాప్ అడుగుతున్నారట. ఈసారి ముందు వాళ్ళ చేతికిచ్చి, ఏం కనబడుతోందో వాళ్ళనే చెప్పమనాలన్నారు.

జూలై 6

ఆదినారాయణ మామ ఫోన్. పక్క పొలం హఫీజ్ బోరునూ తన బోరునూ ఒకే చార్టులో పెట్టాలట. "రెండూ ఒకే నీళ్ళు తాగుతాండాయేమో సూడల్ల."

పెట్టాను. రెండు గీతలూ ఒకే వారం దిగాయి, ఒకే వారం లేచాయి.

రేపటి నుంచి ఒక దినం మామ, ఒక దినం హఫీజ్ మోటరు వేస్తారట.