మూత వదులు చేసిన సీసాలు

జనవరి 9, సాయంత్రం 6:40

పద్నాలుగు రోజుల షిఫ్ట్‌లో అయిదో రోజు. ఇంకా తొమ్మిది. బూట్లు విప్పుకోవడానికే పది నిమిషాలు పట్టింది. బయట మైనస్ ముప్పై ఎనిమిది.

మా పైలట్ ప్రాజెక్టులో ఆవిరి వాడం. సాల్వెంట్‌ని, అంటే తారుని కరిగించే ద్రావకాన్ని, వేడిచేసి పై బావిలోకి పంపుతాం. అది ఎక్కడో మూడొందల మీటర్ల లోతున ఇసుకని కరుచుకుని కూర్చున్న తారులోకి చొరబడుతుంది. రెండూ కలిసి కింది బావిలోకి జారతాయి. పైకి లాగి, సాల్వెంట్‌ని వేరుచేసి మళ్ళీ కిందికి పంపుతాం. నా కాలేజీ ట్రైనింగ్ రిపోర్టులో తారు మెత్తబడి లొంగిపోతుందని రాశాను. మా ఇంజనీరు ఫెడోరక్ ఆ ముక్క కొట్టేశాడు. రిపోర్టుకి మనసు అక్కర్లేదమ్మాయ్, అంకె చాలు అన్నాడు.

అంకె అరవై రెండు. పంపిన సాల్వెంట్‌లో నూటికి అరవై రెండు పాళ్ళే తిరిగొస్తోంది. ఎనభై రాకపోతే పదహారున కేల్గరీ హెడ్డాఫీసు వాళ్ళు వచ్చి బావులు మూసేస్తారు.

జనవరి 10

వెర్నా పిన్నితో కింది బావి నూనె సాంపిళ్ళకి వెళ్ళాను. అమ్మకి బాబాయి కూతురు. ఇరవై రెండేళ్ళుగా ఆపరేటర్. నాలాగా క్యాంపులో పడుకోదు, ఈ బావులు కాంక్లిన్ ఊళ్ళో వాళ్ళింటికి ఇరవై నిమిషాలు. వాళ్ళాయన ఆల్బర్ట్ బాబాయికి పక్షవాతం వచ్చినప్పటినుంచి పొద్దునా సాయంత్రం మందులు తనే వేస్తుంది. బావులు మూస్తే విమానమెక్కి ఉత్తరాదిన పనికి పోవాలి. అప్పుడు ఆయన్ని ఎవరు చూస్తారు? పిన్ని ఆ మాట ఎత్తదు. పాటలు ఈలవేస్తుంది.

చలికాలం ఇక్కడ సమస్తం ట్రక్ డాష్‌బోర్డు మీదికే. గ్లవ్స్, శాండ్‌విచ్, సాంపిల్ సీసా. నూనెతోపాటు కాసిని నీళ్ళు వస్తాయి, అవి గడ్డకడితే గాజు పగులుతుంది. అందుకే మూత అర తిప్పు వదులు చేసి హీటర్ గాలికి పెట్టాలి. మొదటిరోజే నేర్పింది. ఏమే పండితురాలా, సీసా పగిలితే నీ డిగ్రీ పెట్టి అతికిస్తావా అంది. ల్యాబ్ నలభై నిమిషాల దూరం. దారంతా కేబిన్‌లో పెట్రోలు బంకు వాసన. అలవాటైపోయింది.

జనవరి 12, మధ్యాహ్నం

నిద్ర చాలడం లేదు. కాఫీ పనిచేయడం మానేసింది.

తిరిగొచ్చే సాల్వెంట్‌ని కొలిచే మీటరు నవంబరులోనే పాడైంది. అప్పటినుంచి లెక్కంతా సీసాల్లో ఎంత సాల్వెంట్ తేలిందన్నదాని మీదే. ఆ అంకెల పక్కన ఏ రోజు ఎంత చలో రాసుకుంటూ పోయాను, ఊరికే, కాలేజీ రిపోర్టు కాస్త అందంగా ఉంటుందని. చలి పెరిగిన ప్రతిరోజూ అంకె పడింది. మైనస్ పదికి డెబ్భై నాలుగు. మైనస్ నలభైకి యాభై తొమ్మిది.

ఫెడోరక్‌కి చూపించాను. మూడొందల మీటర్ల కింద ఉన్నవాడికి పైన మంచు పడితే ఏంటి, ఎండ కాస్తే ఏంటి అని నవ్వి వెళ్ళిపోయాడు.

నిజమే. కింద చలి లేదు. మరి చలి పెరిగితే మారేది ఏమిటి? ట్రక్ హీటర్. ఎంత చలైతే అంత పెంచుతాం.

జనవరి 13

ఒకే కుళాయి దగ్గర రెండు సీసాలు పట్టాను. ఒకటి ఎప్పటిలాగే డాష్ మీద. రెండోది నీళ్ళు గడ్డకట్టినా చోటుండేలా ముప్పావు వంతే నింపి, మూత బిగించి, మంచు నింపిన లంచ్ డబ్బాలో పెట్టి సీటు వెనక దాచాను. పగల్లేదు.

డాష్ సీసా: అరవై ఒకటి. డబ్బా సీసా: ఎనభై రెండు.

సాల్వెంట్ భూమిలో ఉండిపోవడం లేదు. నలభై నిమిషాలూ మేం పీలుస్తున్నాం.

జనవరి 14

పిన్ని బానక్ రొట్టె, మూస్ దుప్పి మాంసం తెచ్చింది. తిన్నాను. సీసాల సంగతి చెప్పలేదు.

జనవరి 15, ఉదయం 5:20

కేల్గరీ వాళ్ళకి ఇచ్చే రిపోర్టులో ఒక్క వాక్యం నాలుగుసార్లు రాశాను. "సీసాల మూతలు వదులుగా ఉన్నట్లు గమనించడమైనది." ఎంత మంచి మాట, గమనించడమైనది. దానికి చేతులు లేవు, ముఖం లేదు. ఎవరూ చేయకుండానే అన్నీ జరిగిపోతాయి.

ఎందుకంటే రూలు తెలుసు. హీటర్ నడుస్తున్న కేబిన్‌లో సాల్వెంట్ తెరిచి పెట్టినవాళ్ళని ఆ రోజే పనిలోంచి తీసి గేటు దాటిస్తారు. ఇంకే కంపెనీ గేటూ తెరుచుకోదు.

సాయంత్రం

ట్రక్‌లో పిన్నికి చదివి వినిపించాను. ముందు నవ్వింది. తర్వాత చెయ్యి చాపి హీటర్ కట్టేసింది. అంటే రెండు నెలలుగా ఈ బావుల పీక నేనే నొక్కుతున్నానన్నమాట అంది.

తర్వాత కాగితం లాక్కుని మళ్ళీ చదివింది. ఎవరు వదులు చేశారో ఇందులో లేదేమే, మూత దానంతటదే తిరిగిందా అని అడిగింది. పేర్లు లేకపోతేనే మంచిది పిన్నీ అన్నాను. పిచ్చిమొహమా, సాంపిల్ షీట్ల మీద సంతకాలు నీవి, పేరు లేని తప్పు వెతుక్కుంటూ నీ దగ్గరికే వస్తుంది అంది. నాకది తట్టనే లేదు. రేపు నువ్వు నోరు మూసుకుని అంకెలు చెప్పు, మిగతాది నాది అంది.

బాబాయి సంగతి అడిగాను. మీ బాబాయి నన్ను ఇంట్లో చూసి చూసి విసిగి చస్తాడులే అంది.

ఇంటికి వెళ్తూ చెయ్యి ఊపలేదు.

జనవరి 16

అంకెలు చెప్పాను. పిన్ని లేచి, నేర్పింది నేను, ఈ పిల్ల నేను చెప్పినట్టు చేసింది, కనిపెట్టింది కూడా తనే అంది. అంతే. ఇరవై రెండేళ్ళకి మూడు ముక్కలు. కేల్గరీ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బావులకి ఇంకో ఆరు నెలలు. పదకొండుమంది ఉద్యోగాలు నిలిచాయి.

మూడింటికి పిన్ని బ్యాడ్జ్ తీసుకున్నారు. గేటుదాకా ఫెడోరక్ దిగబెట్టాడు. తిరిగొచ్చి, నీకు కంపెనీ మెప్పు ఉత్తరం ఇస్తుంది జోసెట్ అన్నాడు. కళ్ళు నా వైపు లేవు.

అలసటగా ఉంది. ఇది నిద్రతో పోయేది కాదు.

జనవరి 19

షిఫ్ట్ అయిపోయింది. దారిలో పిన్ని ఇంటిముందు కారు ఆపాను. తలుపు తీసింది బాబాయి. నిద్రపోతోంది, నవంబరునుంచి ఇంత నిద్ర పోలేదు, లేపనా అన్నాడు మాట తడబడుతూ. వద్దన్నాను.

ఫిబ్రవరి 2

కొత్త ఆపరేటర్ వచ్చాడు. సాంపిల్ పట్టడం నేర్పాను. ముప్పావు వంతు, గట్టి మూత, మంచు డబ్బా. ఈ పద్ధతి ఎవరిది అని అడిగాడు.

నాది అనలేదు. వెర్నా దేజార్లేది అన్నాను. పూర్తి పేరు రాసుకోమన్నాను.