అరవై సెంటీమీటర్ల పరువు

మామయ్యకు నమస్కారాలు.

అత్తయ్యా మీరూ కులాసా అని తలుస్తాను. మీ ఊరి జలాశయంలో చేపల సర్వే మా ఆఫీసు నాకే అప్పగించింది. ఎంత పొడవు దాటిన చేపను ఇంటికి తీసుకెళ్లనివ్వాలో దీన్నిబట్టే నిర్ణయిస్తారు. మీరు గాలాల క్లబ్బు అధ్యక్షులు కాబట్టి నలభై ఫారాలు పంపుతున్నాను. సభ్యులు పట్టిన ప్రతి చేపనూ కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాయించండి.

మీ మేనల్లుడు

తా.క. స్కేలుతో కొలవాలి. చేతులు చాపి చూపించడం కాదు.

*

చిరంజీవి అల్లుడికి దీవెనలు.

ఫారాలన్నీ నింపాం. సగటు డెబ్బై నాలుగు సెంటీమీటర్లు. మా సభ్యుడైన పళ్ల డాక్టరు మొదట అరవై ఎనిమిదని రాసి, పక్కాయన ఫారం చూసి డెబ్బై ఒకటని దిద్దాడు. పాపం, మొహమాటస్థుడు. నాది ఎనభై రెండు. అధ్యక్షుడన్నాక ఆ మాత్రం ఉండాలి కదా.

మామయ్య

తా.క. చిన్న చేపల గడి ఖాళీగా ఉంచాం. అలాంటివి మా క్లబ్బులో ఎవరికీ పడవు.

*

మామయ్యకు నమస్కారాలు.

నేను పది రోజులు పడవలో తిరిగి, వలలు వేసి, నాలుగు వందల చేపల్ని కొలిచి వదిలాను. అన్నిటికన్నా పెద్దది ముప్పై ఆరు. కొలత పలక పంపుతున్నాను, చేపను దానిమీద పడుకోబెట్టి మళ్లీ రాయించండి. మా ఆఫీసువాళ్లు నా మాటకన్నా క్లబ్బు మాటే ఎక్కువ నమ్ముతారు. బతిమాలుకుంటున్నాను.

మీ మేనల్లుడు

తా.క. అత్తయ్యకు ఫోన్ చేశాను. మీరు తెచ్చే చేప చిన్న పెనంలో తోకతో సహా పడుతుందట.

*

అల్లుడికి,

దీవెనలు ఈసారికి వాయిదా. నలభై మంది పెద్దమనుషుల్ని అబద్ధాలకోరులంటావా? నీ వలలో చిన్నవే పడ్డాయంటే పెద్దవాటికి బుర్ర ఉందన్నమాట. మా కొలతలు అక్షరాలా నిజమని అందరం సంతకాలు పెట్టి, నేరుగా మీ పై అధికారికే పంపాం.

క్లబ్బు అధ్యక్షుడు

తా.క. నీ పలక తిప్పి పంపుతున్నాను. మా చేపలకు చాలదు.

ఇంకో తా.క. మీ అత్తయ్యకు ఫోన్లు చేయకు.

*

మామయ్యకు నమస్కారాలు.

మీ సంతకాలు చూసి మా అధికారి మురిసిపోయారు. నా నివేదిక బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒకటో తారీకు నుంచి కొత్త రూలు అమల్లో ఉంది. అరవై సెంటీమీటర్లు లేని చేపను అక్కడికక్కడే నీళ్లలో వదిలేయాలి. గట్టుమీద గార్డు కొలుస్తున్నాడు. "మా కొలతలు తప్పు" అని క్లబ్బు ఈ రెండు నెలల్లోపు రాసిస్తే రూలు మారుస్తారట.

మీ మేనల్లుడు

తా.క. గార్డు నవ్వుతున్నాడని మీ క్లబ్బు నుంచి ఫిర్యాదొచ్చింది. నవ్వకూడదని రూల్లో లేదు.

*

నాయనా అల్లుడూ,

నాలుగు ఆదివారాలుగా ఖాళీ సంచితో ఇంటికొస్తున్నాను. నీ దగ్గర దాపరికమెందుకు, ఇరవై ఏళ్లలో నేను పట్టిన పెద్ద చేప ముప్పై నాలుగు. అంతటి చేపను పట్టుకుని వీధిలో నడిచొస్తుంటే కలిగే సంతోషం నాకు ఇంకెందులోనూ లేదురా. మొన్న అలాంటిదే పడితే నా చేత్తో నేనే వదిలేశాను. ఏడుపొచ్చింది.

అందుకే నిన్న సమావేశం పెట్టి, "మా కొలతలు తప్పు" అని రాసిన కాగితం బల్లమీద ఉంచాను. అందరూ పైకప్పు వైపు చూశారు. పెన్ను అందరి చేతులూ మారి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. అప్పుడు పళ్ల డాక్టరు లేచి, అరవై అనడం మన క్లబ్బుకే అవమానం, డెబ్బై చేయమందాం అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ తీర్మానం దీంతో జతచేశాను, మీ అధికారికి అందజేయి.

మీ మామయ్య

తా.క. మొదటి సంతకం నాదే.