పసుపు కింద నంబరు

అమ్మా జ్యోతీ, మన జీపు పాసయింది తల్లీ! పొగలో పాసు, బ్రేకుల్లో పాసు, లైట్లలో పాసు! ఇంకో ఐదేళ్ల దాకా దాన్ని తుక్కు అనే మొగోడు ఈ జిల్లాలో లేడు.

ఉండు, సంతోషంలో మర్యాద మరిచాను. చిరంజీవి నాగజ్యోతిని నాయన ఓబుళేశు మనసారా దీవించి రాయడం ఏమంటే, కమలాపురంలో మేమంతా నరసింహస్వామి దయవల్ల తిని తిరుగుతున్నాము. ఆ లడాఖు చలిలో, మిలిటరీ ఆసుపత్రి డ్యూటీలో, నువ్వు కూడా చెవులకు గుడ్డ చుట్టుకుని వేడివేడిగా తింటున్నావని తలుస్తాను.

రాద్దామని కూర్చుంటే కుదురు లేదు. రెండు ముక్కలు రాయడం, వాకిట్లోకి పోయి జీపు అద్దానికి అంటించిన చీటీని తడిమి రావడం, ఇదే పని. మీ అమ్మ కసురుతోంది: “ఏమబ్బా, ఆ బండి యాడికన్నా పారిపోతాందా? కూచోని రాయి.”

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, భీమక్క అత్త సంగతి. వారానికి రెండుసార్లు కడపలో డయాలసిస్ జరుగుతోంది. కాళ్ల వాపు తగ్గింది, నోటి దురుసు తగ్గలేదు. అంటే బాగున్నట్టే. రెండో ప్రశ్నకు తర్వాత వస్తాను. మూడోది, అమ్మ బీపీ మాత్రలు. నేను గుర్తు చేస్తే వేసుకోదు, తనకే గుర్తొచ్చినట్టు వేసుకుంటుంది.

ఇక జీపు కథ విను. ఇరవై ఏళ్ల బండి, ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితే రోడ్డెక్కకూడదు. అది ఆగిపోతే మా అక్క భీమక్కను ఆసుపత్రికి తీసుకుపోయేదెవరు? బస్సు మెట్టుకు ఆమె కాలు లేవదు. ఆమె కొడుకు వీరేష్ మంగంపేట గనుల్లో డ్యూటీ వదిలి రాలేడు. ఆ దిగులుతో నాకు ముద్ద దిగలేదు. పరీక్ష రోజు మీ అమ్మ కూడా వస్తానని పట్టుబట్టి ఎక్కింది.

టెస్టింగ్ స్టేషన్లో ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తించి, టార్చి వేసి చాసిస్ నంబరు కోసం చూశాడు. నంబరు లేదు! పసుపు ఉంది. ప్రతి ఆయుధపూజకూ మీ అమ్మ, బండికి అదే నొసలు అని, ఆ నంబరు మీదనే పసుపు రుద్ది బొట్లు పెడుతుంది కదా. ఇన్నేళ్ల పసుపూ, ఆయిలూ, దుమ్మూ కలిసి రొట్టెలాగా గట్టిపడింది.

“ఏం పెద్దాయనా, ఇది బండా, ఇంటి గడపా? నంబరు కనపడకుంటే ఏ బండిదని రాసుకునేది?”

“పసుపు తీస్తే అరిష్టం సార్,” అంది మీ అమ్మ.

“తీయకుంటే బండి ఇంటికే పోతాదమ్మా. అదీ అరిష్టమే.”

వెనక వరుసలో ఆటోవాడొకడు అరిచాడు: “అక్కా, హారతి కూడా ఇయ్యి, తీర్థం మేం తీసుకుంటాం!”

మీ అమ్మ వాడిని కళ్లతోనే కాల్చింది. తర్వాత జీపుకు దండం పెట్టి, తలపిన్నుతో గీకి, డీజిల్ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ ఒత్తింది. నంబరు బయటపడింది.

“చివరి అంకెలు చదువు పెద్దాయనా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆర్‌సీ చేత్తో పట్టుకుని.

నేను వంగి చూశాను. “తడి మెరుస్తాండాది సార్, కనపళ్లా,” అన్నాను. మీ అమ్మ నన్ను పక్కకు జరిపి గబగబా చదివేసింది. చదివి నా మొహం చూసింది. 

తర్వాత పొగగొట్టంలో వాళ్ల గొట్టం దూర్చి యాక్సిలరేటర్ తొక్కారు. చక్రాలను రోలర్ల మీద తిప్పి బ్రేకు వేశారు. నా గుండె కూడా ఆ రోలర్ల మీదే తిరిగింది. పాస్ అనగానే ఇన్‌స్పెక్టరును కౌగిలించుకున్నాను. పాపం, ఆయన తెల్లచొక్కాకు నా చేతి మసి అంటింది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. “నాయనా, కళ్లు చూపించుకున్నావా?” అని కదా? లేదు తల్లీ. ఆ నంబరు మీద తడి లేదు. మీ అమ్మ తుడిచినాక పొడిగానే ఉంది. నాకే ఆ అంకెలు దుమ్ములో పాకే చీమల్లాగా కనిపించాయి. ఈ ఉత్తరంలో అక్షరాలు ఇంత లావుగా ఎందుకున్నాయో నువ్వు పసిగట్టే ఉంటావు.

స్టేషన్ బయట మీ అమ్మ చెయ్యి చాపింది. “తాళాలు ఇయ్యి.”

“నీకు తోలను వస్తాదా?”

“రాదు. వచ్చేవాళ్లు వచ్చేదాకా ఈడనే కూచుందాం.”

తాళాలు బొడ్లో దోపుకుని, భీమక్క కోడలు శివకుమారికి ఫోను చేసింది. ఆ పిల్ల లైసెన్సు తీసుకుని చాలా కాలమైంది. ఈ జీపు ఆడోళ్లకు లొంగదని నేనే తాకనివ్వలేదు. ఎండలో బస్సు దిగి వచ్చి, ఒక్క మాట ఎత్తిపొడవకుండా స్టీరింగు పట్టుకుంది.

మరునాడు భీమక్కను కూడా ఆమే తీసుకుపోయింది. నేను పక్కన కూర్చున్నాను. కడప దగ్గరికి వచ్చాక వెనక నుంచి మా అక్క అంది: “ఏమిరా ఓబుళేశూ, ఈ దావలో గుంతలు తప్పించేదానికి కూడా వీలుండాదే!”

జ్యోతీ, ఆ మాట నన్ను నిలవనివ్వడం లేదు. ఆమె నడుము నొప్పి జబ్బుదనుకున్నాను, గుంతలు రోడ్డువనుకున్నాను. ఇన్నాళ్లూ ప్రతి గుంతలో పడి లేచి, నేను నొచ్చుకుంటానని ఒక్కనాడూ నోరెత్తలేదు. అంత దురుసు నోరు!

సోమవారం కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాము. శుక్లమేమో అంటున్నారు. నర్సమ్మవి, నవ్వొద్దు, నాకు భయంగా ఉంది. జీపు పాసయింది, నా సంగతే తేలాలి.

ఆదివారం ఫోను అందే చోటికి దిగినప్పుడు వీళ్లకు మరవకుండా చెప్పు. మైదుకూరులో నరసింహ పెదనాయనకు ముందు చెప్పు, తుక్కుకు వేయమన్నది ఆయనే, చెవుడు కాబట్టి గట్టిగా చెప్పు. కర్నూలులో లక్ష్మీప్రియ పిన్నికి జీపు సంగతి మాత్రమే చెప్పు, కన్ను మాట వింటే ఊరంతటినీ వెంటేసుకుని వస్తుంది. గిడ్డమ్మ అవ్వకు, జీపు పాసు కావాలని మొక్కిన మొక్కు తీర్చుకోమని చెప్పు. వీరేష్ బావకు రెండూ చెప్పు; పెళ్లాం బండి తోలుతోందని ఊరివాళ్లు చెప్పేలోగా, మీ మామే బతిమాలి తోలించుకుంటున్నాడని చెప్పు. భీమక్క అత్తకు మాత్రం నువ్వేమీ చెప్పనక్కర్లేదు. ఆమెకు అందరికంటే ముందే తెలుసు.

ఇట్లు,
పక్క సీట్లో కూర్చోవడం నేర్చుకుంటున్న
నీ నాయన
ఓబుళేశు