నర్సమ్మకు చెప్పిన భయం

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున కాలికి తుప్పు మేకు గుచ్చుకుని, ఇంజెక్షన్ కోసం ఏన్కూరు దవాఖానాకు వెళ్లాను. అక్కడ మీ నర్సమ్మే ఉంది.

కరోనా టీకాకు మిమ్మల్ని ఒప్పించాలని, సైన్సు టీచర్నైన నేను నెల రోజులు పాఠం చెప్పాను. మీరేమో ఫోన్లో వీడియో చూపించి, "ఏసుకున్నోళ్లు రెండేండ్లల్ల పోతరంట" అన్నారు. ఆ నర్సమ్మ టీకా వేయడానికి మనింటికొచ్చిన రోజు, నేను లోపల టీ పెట్టేలోగా మీరు చొక్కా చెయ్యి మడిచేశారు. ఆ రెండేళ్లూ దాటాక కూడా మీరు నిక్షేపంగా ఉండి నన్ను సతాయించారు, నేను ఆవిడను చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను.

ఇవాళ అడిగేశాను. "మా సారుకు ఏం మంత్రమేసినవమ్మా?"

"మంత్రం ఏంది టీచరమ్మా. సారుకు సూదంటే భయమంట. మీకు చెప్పొద్దన్నడు. చెయ్యి పట్టుకున్న, గంతే."

ఇన్నేళ్ల కాపురంలో మీ భయం నాకు చెప్పలేదు. నేను వైరస్ బొమ్మ గీస్తుంటే బుద్ధిగా తలూపారు.

"మీకూ భయమా?" అని ఆవిడ సూది తీస్తూ నవ్వింది.

నాకే భయమూ లేదు. అయినా "అవ్" అన్నాను. ఆవిడ చెయ్యి చాపింది. ఆ రోజు మీ చెయ్యి పట్టుకున్న ఆ చేతిని, సూది వేయడం అయిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు.