మేమే ఆపాం అన్నది నర్సు

ఫ్రూంజే ఆసుపత్రి, మంగళవారం

అత్తయ్యకు సలాం. మీ అబ్బాయి తెమిర్‌బెక్ బతికే ఉన్నారు. మీ మరిది ఒస్మోన్ మామయ్య నిన్న ఇచ్చిన తంతి నమ్మకండి. ఆయన పోయారని ఇంటి ముందు ఏడుపు గుడారం వేసి ఉంటే పీకించండి.

ఆపరేషన్ మధ్యలో నర్సు వచ్చి "గుండె ఆగింది" అన్నది. రెండో మాట వినకుండా మామయ్య శోకాలు పెడుతూ తపాలాఫీసుకు పరుగెత్తారు. "ఆపింది మేమేనమ్మా. గుండెను కుట్టేదాకా నెత్తురును యంత్రమే తిప్పుతుంది, ఊపిరీ అదే పోస్తుంది," అని నర్సు నన్ను కసిరింది. నలభై నిమిషాలు ఆయన గుండె కదల్లేదు అత్తయ్యా.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఈయనకు ఉన్ని మేజోళ్ళు పంపండి.

ఇవాళ కళ్ళు తెరిచి, గుర్రానికి మేత వేశారా అని అడిగారు. ఆనవాయితీ ప్రకారం చావు విందుకు దాన్ని కోసేశారో లేదో వెంటనే రాయండి. అందాకా వేశారనే చెబుతుంటాను.

పెద్దలకు దండాలు.

మీ కోడలు బురుల్